నలభై ఒకటో సీసా

సోహార్‌ల యూనివర్సిటీ, రెండో అంతస్తు,
ఎడమకు తిరిగితె ఆఖరి గది.
పొద్దుగాల ఏడింటికి తలుపు తీస్త.
గాజుసామాను కడుగుత,
మూడు తాపలు నల్లా నీళ్లతోని
రెండు తాపలు వడగట్టిన నీళ్లతోని.
మూలకు మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రిజ్జు
జరమొచ్చిన పిల్లలెక్క మూలుగుతుంటది.
దాంట్ల ఆరు వందల పన్నెండు మంది నెత్తురున్నది.
నలభై ఒకటో సీసా నాది.

అప్పుడు నాది సెంట్రింగ్ పని.
జూన్ నెల. ఇనుప చువ్వ ముట్టుకుంటె తోలు ఊడొస్తది.
డాక్టర్ షమ్సా మా క్యాంపుకొచ్చింది,
తెల్ల వ్యాను, ఒక చెత్రి, రెండు డబ్బాలు.
పనికి పోకముందు ఒక సీసా,
పనినుంచి వచ్చినంక ఒక సీసా, అన్నది హిందీల.
ఉచ్చ అడుక్కునే డాక్టరమ్మ అని పేరుపెట్టి నవ్వినం.
పైసలిస్తవా, అన్నడు మల్లారపు లచ్చన్న.
ఇయ్య. వచ్చిన లెక్క వచ్చినట్టు చెప్త, అన్నది.

లచ్చన్నది ముప్పై ఏడో సీసా.
ముప్పై నాలుగేండ్లకే కిడ్నీలు రెండూ పనిబంద్ చేసినయ్.
సెలవు దొరకనోనికి
అవ్వే సెలవు పెట్టినయ్.

సిమెంటు కంపెనోల్లు ఒకసారి వచ్చిండ్రు,
ఖర్జూరాల డబ్బ, మెరిసే మిషను ఫొటో పట్టుకొని.
మిషను మేమిస్తం, పేరు మీదే,
అచ్చుకు పోకముందు ఒక్కసారి మాకు చూపెట్టాలె, అంతే.
షమ్సా కహ్వా పోసింది.
ఇగ చాలు అనెటందుకు ఈడ కప్పు ఊపుతరు.
వాళ్లు ఊపలే.
ఆమెనే తన కప్పు ఊపి
కింద పెట్టింది.

సర్కారు పైసలు తక్కువనే.
పాత మిషను, బిల్లుకు నాలుగు సంతకాలు,
చేతిగ్లౌజులకు గూడ అర్జీ.
గని ఏం దొరకాలె అని
అవి ఎన్నడు అడగలే.
ఏం దొరికింది అని అడిగినయ్.
ఆ రెండు మాటల నడుమ ఇంత జాగ ఉన్నది,
దాంట్లనే మా గది,
దాంట్లనే నేను.

పోయినేడు అవి గూడ ఆగినయ్.
నూనె ధర పడ్డదన్నరు కొందరు.
మూడో పట్టిక చూసి ఎవరికో మండిందన్నరు కొందరు,
అండ్ల ఏ కంపెనీల ఎన్ని గంటల ఎండ, ఎందరి కిడ్నీలు
పక్కపక్కన ఉన్నయట.
నాకు తెల్వది. షమ్సా చెప్పలే.
తెల్వకపోవుడే ఎక్కువ బుగులు పెట్టింది.

గురువారం రాత్రి కంప్రెసర్ కాలింది.
కొత్తది కొనెటందుకు కాగితం లేదు.
షమ్సా, సూడాన్ పిల్లగాడు ఇద్రీస్, నేను
ఐస్‌క్రీం గోడౌనుకు ఉరికినం.
పొగలుగక్కే గడ్డలు గోనెసంచులల్ల మోసినం.
నా క్యాంపు దుప్పట్లు చుట్టినం,
ఎండకు కాలినోల్లను
చలిల దాచిపెట్టినం.

తెల్లారగట్ల ఇద్రీస్ అడిగిండు,
ఇవన్ని కరిగిపోతె ఏమైతది?
ఏం కాదు, అన్నది షమ్సా.
ఎవ్వరికి ఏ రోగం రానట్టే అయితది.

రంజాన్ ఎల్లినంక పైసలొచ్చినయ్.
సగం.
మూడో పట్టిక అచ్చయింది, ఒక్క అంకె మారకుంట.
పక్క పేజీల బొమ్మ, అండ్ల మా పేర్లు లేవు, చుక్కలున్నయ్.
ఇద్రీస్ వేలుపెట్టి నా చుక్క చూపెట్టిండు,
లచ్చన్నది ఏదని అడిగిన.
చానా పైకున్నది,
గీత దాటి, కాగితం అంచుకాడ, ఒక్కటే.

క్యాంపుల పోరగాండ్లు ఇప్పటికి నవ్వుతరు నన్ను చూసి,
సీసాలు కడిగే కొలువా అని.
నిన్న కొత్తయి వచ్చినయ్, రెండు వందలు.
మూడు తాపలు నల్లా నీళ్లు, రెండు తాపలు వడగట్టిన నీళ్లు.
బోర్లించిన.
ఆరుతున్నయ్.
వాటిమీద ఇంకా ఏం రాసి లేదు.